నమూనా గోడ మాహాత్మ్యం

మన నగరంలో నూతన కళా ప్రదర్శనశాల నిర్మాణం నిరాటంకంగా సాగిందనీ, ఇప్పటికి ఒక గోడ సర్వాంగ సుందరంగా పూర్తయిందనీ పౌరులకు విన్నవించడానికి సంతోషిస్తున్నాము. ఆ గోడ ప్రదర్శనశాలది కాదు. ఈ స్వల్ప విషయం అడ్డు రాకుండా నగరమంతా దాని మీద చర్చించుకోగలిగిందంటే, కళ విషయంలో మనం ఎంత ఎత్తుకు ఎదిగామో చదువరులే ఊహించుకోగలరు.

కట్టడాల వృత్తిలో ఒక పద్ధతి ఉన్నది. పెద్ద భవనం మొదలుపెట్టే ముందు స్థలంలో ఓ మూల చిన్న గోడ ఒకటి కట్టి చూస్తారు. ఏ రాయి బాగుంటుంది, ఏ పూత నిలుస్తుంది, కిటికీ చట్రం ఎలా కూర్చోవాలి, మెట్టు అంచు ఎంత గుండ్రంగా ఉండాలి, వాన నీటి గొట్టం ఎక్కడ వంగాలి, ఇవన్నీ ఆ ఒక్క గోడ మీదే చేసి చూపిస్తారు. పెద్దలు వచ్చి "ఇది ఉండనీ, అది వద్దు" అని సెలవిస్తారు. ఆ తరువాత దాన్ని పడగొట్టి అసలు పనిలో దిగుతారు. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునని పూర్వులు స్థాలీపులాక న్యాయం చెప్పారు గదా, ఇదీ అదే. అయితే ఆ మెతుకునే పళ్లెంలో పెట్టుకుని, చుట్టూ చేరి, దాని రుచి మీద తలలు బద్దలు కొట్టుకోవచ్చునని మాత్రం పూర్వులకు తోచలేదు. పాపం, వారి కాలంలో ప్రజాభిప్రాయ సేకరణ లేదు.

మన గోడకు ఎడమ భాగం ఎర్ర రాయి. నడుమ బూడిద రంగు గచ్చు. కుడి వైపు మెరిసే తెల్ల పలకలు. మధ్యలో ఒక కిటికీ చట్రం ఉన్నది. చట్రం వెనుక కిటికీ లేదు, ఇటుకలే. అడుగున రెండు మెట్లు ఉన్నాయి. ఎక్కినవారి ముక్కు గోడకు తగులుతుంది. గొట్టం ఒకటి పైన ఎక్కడి నుంచీ రాకుండా వచ్చి, కింద నేలకు చేరకుండా ఆగిపోతుంది. ఆర్కిటెక్టు గారి లెక్కలో ఇవన్నీ ఏరుకోవడానికి పెట్టిన సరుకులు. మన లెక్కలో దర్శనం.

స్థలం నడుమ అంతా బురద కావడం వల్ల ఇటుకల లారీ సందు దగ్గరే దిగబడింది. దిగబడిన చోటే శుభస్థలమని భావించి అక్కడే గోడ కట్టారు. దానికి చేయి చాపినంత దూరంలో రఫూ వదిన గది కిటికీ ఉన్నది.

ఆమె ఊరందరికీ వదిన. పెద్దలూ అలాగే పిలుస్తారు, పిల్లలూ అలాగే పిలుస్తారు. ఒక గది, ఒక కిటికీ, కిటికీ కింద ఒక చెక్క పీట, అట్టముక్కలకు చుట్టిన రకరకాల దారాలు, ఇదీ ఆమె కార్ఖానా. తలుపు చీకటి నడవలోకి తెరుచుకుంటుంది గనుక ఆ గదికి ప్రత్యక్ష నారాయణుడు కిటికీలోంచే రావాలి. కోటు చిరిగితే ఆ కోటు లోపలి మడతలోంచే పోగులు లాగి, సరిపోకపోతే అదే ఛాయ దారం వెదికి, నేత ఎటు నడిస్తే సూదిని అటే నడిపి, చిరుగు ఉండేదన్న జాడ కూడా లేకుండా రఫూ చేయడం ఆమె పని. తిరిగి తీసుకునేవారు వేలితో తడిమి, ఎండలో పట్టి చూసి, ఎక్కడ చిరిగిందో తమకే గుర్తురాక, ఇది తమ కోటేనా అని అనుమానపడేవారు. ఆ అనుమానమే ఆమెకు బిరుదు. ఇంకొకటి ఆమె కోరలేదు.

మేస్త్రీ తాడు పట్టిన రోజునే ఆమె కిటికీలోంచి తల బయటపెట్టింది.

"ఏంటి తమ్ముడూ, నా కిటికీకి ఎదురుగా తాడు లాగుతున్నావు?"

"శాంపిల్ గోడ అక్కా. పెద్దాళ్లు వస్తారు, చూస్తారు, బాగుందంటారు, పడగొట్టేస్తాం. నాలుగు రోజుల ముచ్చట."

"ఒక్క గోడ చూడ్డానికి నాలుగు రోజులా? పెళ్లిచూపుల్లో మా ఆయన్ని చూడ్డానికి కూడా నేనంతసేపు తీసుకోలేదు!"

"అందుకేగదా అక్కా, మాకీ జాగ్రత్త!"

వదిన నవ్వి ఒప్పుకున్నది. గోడ లేచింది. గదిలోకి వెలుతురు రావడం మానింది. నలుపు దారాన్నీ ముదురు నీలం దారాన్నీ పక్కపక్కన పెట్టి చూసి, రెండూ ఒకటిగానే కనబడగా, నాలుగు రోజులే కదా అని ఆమె నల్లకోట్లన్నీ మడిచి పక్కన పెట్టింది.

గోడ పూర్తయిన నాడు ప్రదర్శనశాల కమిటీ అధ్యక్షులు పరివార సమేతంగా విచ్చేశారు. ఎరుపును చూశారు, బూడిదను చూశారు, తెలుపును చూశారు. ఒకటి బాగుందంటే తక్కిన రెండూ బాగులేవన్నట్టవుతుంది. పైగా అభిరుచి అనేది ఒకసారి బయటపడితే మళ్లీ లోపల పెట్టుకోవడం కష్టం. అందువల్ల ఆయన మెట్లు ఎక్కి, అవి రెండే గనుక త్వరగానే ఎక్కి, ఇట్లా సెలవిచ్చారు:

"సోదర సోదరీమణులారా! కళ ఎవరిది? నాదా? కాదు. ఈ ఆర్కిటెక్టు గారిదా? అసలే కాదు. కళ ప్రజలది! ప్రజలు ఔనంటే ఔను, కాదంటే కాదు, రెండూ అంటే రెండూను. ఈ గోడ మీద మీ అభిప్రాయమేమిటో మీరే తేల్చండి. తేలేదాకా ఇక్కడ ఒక్క ఇటుక కదలదని హామీ ఇస్తున్నాను!"

"నమూనా" అన్న మాట ఆ ప్రసంగంలో లేదు. మొదట ఉన్నదట. సభ గౌరవానికి అది మరీ చిన్నదిగా కనిపించి తీసివేశారట. చప్పట్లు మిన్నుముట్టాయి. గోడకు అవతల వదినకు మొత్తం ప్రసంగంలో ఆఖరి హామీ ఒక్కటే వినబడింది.

మరునాటి నుంచి నగరం నగరంలా లేదు. క్షౌరశాలల్లో మనుషులు సగం గడ్డంతో లేచి వాదించారు. ఆస్పత్రికి పరామర్శకు వెళ్లినవారు గోడ సంగతి తేల్చుకున్న తరువాతనే రోగి సంగతి అడిగారు. రోగులు కూడా అదే క్రమాన్ని కోరుకున్నారు. పెళ్లి సంబంధాలు చూసేవారు, అబ్బాయి గోడకు అనుకూలుడా ప్రతికూలుడా అని ముందుగానే కనుక్కోవడం మొదలుపెట్టారు. ఇంతటి కళాచైతన్యం ఒక్క బొమ్మైనా లేకుండా సాధించిన నగరం మరొకటి ఉంటే మాకు తెలియజేయవలసిందిగా కోరుతున్నాము.

అనుకూల పక్షానికి యువ విమర్శకులొకరు నాయకత్వం వహించారు. ఈయనకు ఒక దివ్యదృష్టి ఉన్నది. ఏ వస్తువును చూసినా దాని వెనుక ఉన్నది కనబడుతుంది, ఎదురుగా ఉన్నది కనబడదు. "ఆ ఎరుపు శ్రమ. ఆ బూడిద రంగు నగర జీవితం. ఆ తెలుపు మౌనం. మెట్లు ఎక్కితే గోడ తగులుతుంది! మన చదువుల మీద ఇంతకంటే ఘాటైన వ్యాఖ్య ఇంకెక్కడైనా వచ్చిందా?" అని ఆయన నిలదీశారు. గొట్టం మీద ఆయన రాసిన వ్యాసం చదివి కంటతడి పెట్టినవారున్నారు. ఆద్యంతాలు లేని పదార్థాన్ని గురించి జీవితమంతా పురాణాల్లో విన్న వృద్ధులు, అది ఇట్లా గొట్టం రూపంలో కంటి ఎదుట నిలుస్తుందని ఊహించలేదని ఒప్పుకున్నారు.

ప్రతికూల పక్షానికి విశ్రాంత ఆచార్యులొకరు పెద్ద. ఆయన ఖండించకుండా విడిచిన కొత్త వస్తువు నగరంలో లేదు. "శిఖరం లేదు, కమాను లేదు, లత లేదు, హంస లేదు. కిటికీకి కన్ను లేదు, మెట్టుకు గమ్యం లేదు. ఒక దేహానికి మూడు చర్మాలా? ఇది కట్టడం కాదు, కనికట్టు!" అని ఆయన గర్జించినప్పుడు సభలో ముందు వరుసవారు చేతిరుమాళ్లతో ముఖాలు తుడుచుకోవలసి వచ్చింది.

కాకికి పళ్లెన్ని అని విచారించడం వృథా అని చెప్పడానికి పెద్దలు కాకదంత పరీక్ష అన్నారు. మనం ఆ దశ ఏనాడో దాటాము. కాకి పళ్లు ఎర్రనివా తెల్లనివా, అవి సమాజాన్ని ఏమని ప్రశ్నిస్తున్నాయి అన్నంత వరకు వచ్చాము.

ఇక్కడ వదిన భర్తగారిని పరిచయం చేయవలసి ఉన్నది. ఆయన ఉద్యోగమంతా స్టెనోగా చేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. పై అధికారి నోట్లోంచి మాట రాలగానే పొట్టి గీతల్లో పట్టుకుని, తరువాత నిండు అక్షరాల్లో టైపు కొట్టడం ఆయన వృత్తి. ఇతరుల అభిప్రాయాలు బండ్ల కొద్దీ ఆ చేతి మీదుగా పోయాయి గాని, "మీరేమంటారు?" అని ఆయన్ను అడిగిన పాపాన ఎవరూ పోలేదు. ఇంట్లో అడగవలసిన అవసరం పడలేదు.

"ఏవండీ, ఊరికే కూర్చోకపోతే ఆ సభకి వెళ్లి ఒక్క ముక్క చెప్పి రాకూడదూ?" అన్నది వదిన.

"ఏమని?"

"గోడ మా కిటికీకి అడ్డంగా ఉంది, తియ్యండి అని. అంతే. ముందూ వెనకా ఏం తగిలించకండి."

"అంతేనా?"

"అంతే. మీ పొట్టి గీతల్లో చెప్పేసి రండి."

మధ్యాహ్నం వెళ్లిన మనిషి సాయంత్రానికి తిరిగి వచ్చారు. ముందు ఛాతీ వచ్చింది, వెనుక ఆయన వచ్చారు.

"చెప్పారా?"

"చెప్పడమేమిటి! అధ్యక్షులవారు మైకు నా చేతికిచ్చి, 'మీ అభిప్రాయం ఏమిటండీ?' అన్నారే! 'అండీ' అన్నారు!"

"అయితే?"

"అయితే ఏముంది, నాకూ ఒక అభిప్రాయం ఉందని అప్పుడు తెలిసింది."

"కిటికీ సంగతి ఏమైంది?"

"చెబుదామనే అనుకున్నా. అంత పెద్ద సభలో ఇంటి గొడవ ఎత్తితే ఏం బాగుంటుంది చెప్పు? ఆ నడిమి బూడిద రంగులో కాస్త విషాదం ఉంది, అయితే ఆ విషాదం అవసరమే అన్నాను. హాలు హాలంతా చప్పట్లు!"

వదిన సూదిని చీరకొంగుకు గుచ్చుకుని ఆయన వైపు తిరిగింది. "ఇన్నేళ్ల కాపురంలో కూరలో ఉప్పు తక్కువైందని కూడా నోరు తెరిచి చెప్పలేదు. ఆ గోడని చూడగానే మాటొచ్చిందా మీకు?"

"కళ అంటే అదేనే పిచ్చిదానా!"

ఆ వారంలోనే ఒక ఉపద్రవం సంభవించింది. గోడ గురించి మీ అభిప్రాయమేమిటని విలేఖరి ఒకాయన మేస్త్రీని అడగగా, అతడు, "మీరేదో ఒకటి తేలిస్తే పడగొట్టేస్తాం సార్, మాకు అవతల పనుంది" అన్నాడు. తెల్లవారేసరికి "కళాఖండం కూల్చివేతకు కుట్ర" అన్న వార్త ఊరంతా పాకింది. మేస్త్రీ ఊరు విడిచి అత్తవారింటికి పారిపోయాడు. గోడ పరిరక్షణ సమితి ఏర్పడింది. సభల్లో ఎవరు ఏమన్నా రాసుకోగల సమర్థుడు ఒక్కడే గనుక, వదిన భర్తగారు ఏకగ్రీవంగా దాని కార్యదర్శి అయ్యారు. గోడకు నాలుగు వైపులా తాడు కట్టి, తాకరాదని బోర్డు పెట్టి, కాపలా ఏర్పాటు చేశారు. ఇన్నాళ్లూ దాని పక్కన నిలబడి లఘుశంక తీర్చుకున్న పౌరులు సైతం ఎంతో సంస్కారంతో ఎదుటి గోడకు మారారు.

ఇంట్లో న్యాయం దొరకని వదిన శత్రుపక్షాన్ని ఆశ్రయించింది. ఆచార్యులవారి ఇంటి మెట్లెక్కి నమస్కరించింది.

"అయ్యా, మీరు ఆ గోడ వద్దంటున్నారట. మీ నోట్లో చక్కెర పొయ్యాలి. ఎప్పుడు పడగొట్టిస్తారు?"

ఆచార్యులవారు కళ్లజోడు తీసి తుడిచారు. "పడగొట్టడమా? నేను ఖండిస్తున్నానమ్మా. ముక్కలు చెయ్యమని ఎక్కడా అనలేదే."

"వద్దన్నాక ఇంకా ఉంచడమెందుకండీ?"

"ఉంటేనే కదమ్మా వద్దనడం! రేపు అది పోయిందనుకో, పొద్దున్నే లేచి నేను దేన్ని చూసి బాధపడాలి? వచ్చే వారం దాన్ని చీల్చి చెండాడడానికి ఎన్ని సభలకు ఒప్పుకున్నానో తెలుసా?"

"చెండాడండి, నేనేమైనా వద్దన్నానా? మీ వాకిట్లో పెట్టించుకుని పొద్దస్తమానం చెండాడండి. నా కిటికీ వదిలెయ్యండి, చాలు."

"మా వాకిట్లోనా?" ఆచార్యులవారు ఉలిక్కిపడ్డారు. "మాకు వెలుతురు రావద్దూ?"

వదిన మెట్లు దిగుతూ గొణుక్కున్నది. "కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం అంటారు. ఇక్కడ కప్పా పామూ కలిసి కాపురం చేస్తున్నాయి."

ఇక తానే మాట్లాడాలని ఆమె మహాసభకు వెళ్లింది. సామాన్యుల గొంతు వినడానికి మన సభలు ఎప్పుడూ సిద్ధమే గనుక వెంటనే మైకు ఇచ్చారు. ఆమె చెప్పినది యథాతథంగా ఇది:

"నాకు ఉపన్యాసాలు రావండీ. ఈ గోడ వచ్చాక నా గదిలోకి వెలుతురు రావట్లేదు. నల్లదారం ఏదో, నీలం దారం ఏదో తెలియట్లేదు. దాన్ని తీసెయ్యండి. లేకపోతే నా పని పోతుంది. అంతే."

యువ విమర్శకులు మెల్లగా లేచారు. ఆయన కళ్లు చెమర్చాయి.

"విన్నారా! నలుపేదో నీలమేదో తెలియడం లేదట! మన కాలాన్ని ఇంత సూటిగా ఎవరు చెప్పగలిగారు? కళ వెలుతురు ఇవ్వాలని నిన్నటి దాకా అనుకున్నాం. కాదు! వెలుతురును ఆపి, దాని విలువ గుర్తు చేసేదే కళ అని ఈ తల్లి..."

"నేనేం గుర్తు చెయ్యట్లేదు బాబూ, గోడ తియ్యమంటున్నా!"

"ఆ ఆక్రోశం చూశారా! ఆ ఆక్రోశం పుట్టించింది ఎవరు? ఈ గోడ!"

చప్పట్లతో పైకప్పు అదిరింది. ఆమె తన పక్షమేనని ఆచార్యులవారు లేచారు. కాదు, తమ పక్షమని సమితివారు లేచారు. వదిన ఎవరి పక్షమన్న విషయం మీద ఆ పూటంతా చర్చ నడిచింది. వదిన మాత్రం అప్పటికే ఇంటికి వెళ్లిపోయింది. ఆమె మాటలను వేదిక మీద భర్తగారు పొట్టి గీతల్లో రాసుకుని, నిండు అక్షరాల్లోకి మార్చేటప్పుడు "స్థానికురాలి భావగర్భితమైన స్పందన" అని టైపు కొట్టారు.

న్యాయంగా చెప్పాలంటే, అదే సభలో ఆర్కిటెక్టు గారు కూడా లేచి చేతులు జోడించారు. "క్షమించాలి. అది ప్రదర్శనశాల గోడ కాదండీ. నమూనా. ఆ మూడింట్లో ఒకటి ఎంచుకోమని..." ఆయన మాట పూర్తి కాలేదు. "శిల్పికి తన శిల్పం అర్థం కావాలన్న నియమమేమీ లేదు, కూర్చోండి!" అన్నారు యువ విమర్శకులు. ఈ ఒక్క విషయంలో ఆచార్యులవారు కూడా ఆయనతో ఏకీభవించారు. చీకట్లో తాడును చూసి పామనుకోవడం, దీపం తేగానే భ్రాంతి తొలగిపోవడం వేదాంతంలో తరచు వినే దృష్టాంతం. మనం ఒక అడుగు ముందుకు వేసి, దీపం తెచ్చినవాణ్ణి కూర్చోబెట్టాము. ఆర్కిటెక్టు గారు కూర్చున్నారు. మరుసటి నెలలో ఆయనే "నా గోడ, నా అంతరంగం" అన్న అంశం మీద ఊరూరా ప్రసంగిస్తూ కనిపించారు. గొట్టం గురించి చెప్పేటప్పుడు ఆయన కూడా కంటతడి పెడుతున్నారని వినికిడి.

సభ ముగిసే ముందు, ఆ ఎరుపు శ్రమకు గుర్తా కోపానికి గుర్తా అన్న చిన్న సందేహం వచ్చింది. దాన్ని కాలర్లు పట్టుకుని తీర్చుకున్నారు. చర్చలో లోతుకు దిగినప్పుడు మోచేతులు చిరగడం, భుజాలు ఊడడం సహజం. మరునాడు వదిన గది ముందు చీకటి నడవలో నగర మేధావులంతా కోట్లు చంకన పెట్టుకుని వరుసగా నిలబడ్డారు. రెండు పక్షాలవారూ నల్లకోట్లవారే.

"చూశావా?" అన్నారు భర్తగారు, తమ కోటు కూడా అందిస్తూ. "ఆ గోడ రాకపోతే నీకింత గిరాకీ ఉండేదా? కళ వల్ల ఏం ఉపయోగమని అడిగేదానివి."

"బట్టలు చింపడం కూడా ఉపయోగమేనని ఇప్పుడే తెలిసింది లెండి."

గదిలో గుడ్డి బల్బు వెలుగుకు దారం ఛాయ తెలియదు. వదిన ఆలోచించి, కోట్లన్నీ ఎత్తుకుని సందులోకి నడిచింది. తాడు దాటి, గోడకు ఎండ పడే వైపు వెళ్లి, ఆ రెండు మెట్ల మీద కూర్చున్నది. ఎండ బాగున్నది. మెట్టు అంచు సరిగ్గా కావలసినంత గుండ్రంగా ఉన్నది. నలుపు నలుపుగా, నీలం నీలంగా విడివిడిగా కనబడ్డాయి. చాలా రోజుల తరువాత ఆమె కూనిరాగం తీస్తూ ఒక భుజం పూర్తి చేసి, ఎండలో పట్టి చూసి, అతుకు ఎక్కడుందో తనకే తెలియక నవ్వుకున్నది.

ఇంతలో గోడను దర్శించడానికి వచ్చిన రసజ్ఞులు హాహాకారాలు చేశారు. కాపలావాడు పరుగున వెళ్లి సమితి కార్యదర్శిని తోడ్కొని వచ్చాడు.

"అమ్మా," అన్నారు కార్యదర్శి గారు, జనం వినేట్టు గొంతు సవరించుకుని, "తమరిక్కడ కూర్చోకూడదు."

"ఎవరికండీ అమ్మ?"

ఆయన గొంతు తగ్గించారు. "నలుగురిలో అలా మాట్లాడకే. నేనిప్పుడు హోదాలో ఉన్నాను. చూడు, ఆ మెట్లు ఎక్కడికీ తీసుకెళ్లకూడదు, దేనికీ పనికిరాకూడదు. అదే వాటి భావం. నువ్వు కూర్చున్నావంటే అవి ఉత్త పీటలైపోతాయి."

"పీటలైతే తప్పేముంది? నల్లపోగు కనబడుతోందండీ ఇక్కడ. ఒక్క వారం కూర్చోనివ్వండి, మీ మేధావులందరి కోట్లూ ఇచ్చేస్తాను."

కార్యదర్శి గారు జనం వైపు చూశారు. జనం ఆయన వైపు చూస్తున్నారు. ఇందరు తన నిర్ణయం కోసం ఎదురుచూడడం ఆయన జీవితంలో అదే మొదలు.

"కుదరదమ్మా," అన్నారు.

వదిన సగం కుట్టిన కోటును సూదితో సహా మడిచింది. "సరే. రాత్రికి పళ్లెంలో కూడా భావమే వడ్డిస్తాను, తిందురుగాని" అని లేచి, కోట్ల మూటతో చీకటి నడవలోకి వెళ్లిపోయింది. రసజ్ఞులు ఊపిరి పీల్చుకున్నారు. మెట్లు మళ్లీ నిరర్థకమయ్యాయి.

అనంతరం అధ్యక్షులవారు ఉభయ పక్షాలనూ సమావేశపరచి, ఎవరూ ఓడని పరిష్కారం ప్రకటించారు. గోడను శాశ్వతంగా ఉంచుతారు. దాన్ని ప్రతిదినం ఖండించడానికి ఆచార్యులవారికి పక్కనే ఒక శాశ్వత వేదిక కట్టిస్తారు. వెనుక ప్రదర్శనశాల లేస్తే గోడ అందం మరుగున పడుతుంది గనుక భవన నిర్మాణం విరమించుకుంటారు. తవ్విన పునాది గోతిలో వాన నీరు నిలిచి, అందులో గోడ నీడ పడుతున్నందున దాన్ని ప్రతిబింబ సరోవరంగా గుర్తిస్తారు. సభలో ఒక వృద్ధ చిత్రకారుడు లేచి, "మరి బొమ్మలెక్కడ పెడతారండీ?" అని అడిగాడు. చర్చ గోడ మీద జరుగుతుండగా బొమ్మల ప్రస్తావన తేవడం పెడదారి పట్టించడమేనని ఉభయ పక్షాలూ అతణ్ణి మందలించాయి.

గోడ అంకితోత్సవం పట్టపగలు, నిండు ఎండలో జరిగింది. ఇరుపక్షాల మేధావులూ రఫూ చేయించి, ఆ ఉదయమే చీకటి నడవలో అందుకున్న నల్లకోట్లు తొడుక్కుని గోడ ముందు బారులు తీరారు. అధ్యక్షులవారు ప్రసంగం మొదలుపెట్టి, మధ్యలో ఆగి, ఎదుట ఉన్న ఆచార్యులవారి మోచేయి వంక చూడసాగారు. ఆచార్యులవారు విమర్శకుల భుజం వంక చూస్తున్నారు. విమర్శకులు అధ్యక్షుల జేబు వంక చూస్తున్నారు. నల్లకోట్ల మీద అరచేతి మేర నీలం మచ్చలు ఎండకు మిలమిలలాడుతున్నాయి. ఆ పూట గోడను చూసినవారు లేరు. పనితనం అడుగంటిందని ఆచార్యులవారు బాధపడి, అది నవీనుల పుణ్యమేనన్నారు. పాతను పట్టుకు వేలాడడం వల్లనే చేతివృత్తులకు ఈ గతి పట్టిందని విమర్శకులు తేల్చారు. వచ్చే సభకు ఇదే చర్చనీయాంశమని అప్పటికప్పుడు నిశ్చయమైంది.

మనలో ఒక పెద్దమనిషి ఊరుకోలేక కోటు పట్టుకుని వదిన గదికి వెళ్లారు. ఆమె బల్బు కింద వంగి, సూది బెజ్జాన్ని వేలితో వెతుకుతున్నది.

"ఇదేమిటి వదినా! నల్లకోటుకి నీలం దారం వేశావు?"

ఆమె కోటు అందుకుని తిప్పి తిప్పి చూసింది. బల్బుకు ఆనించినంత దగ్గరగా పట్టింది. వేలితో తడిమింది.

"ఎక్కడ బాబూ?"

"ఇదిగో, ఇక్కడ! ఎండలో ఆమడ దూరం నుంచి కనబడుతోంది."

"ఎండలోనా?" వదిన కోటును మడిచి ఒళ్లో పెట్టుకున్నది. "ఇన్నేళ్లలో నా అతుకు ఇక్కడుందని వేలు పెట్టి చూపించినవాళ్లు లేరు. మీరు చూపించారు. పోన్లెండి బాబూ, ఈ ఊళ్లో ఇంకా కళ్లున్నవాళ్లు ఉన్నారన్నమాట."

ఈ మాటను మనమంతా ప్రశంసగానే స్వీకరించాము. మన దృష్టి ఎంత నిశితమైనదో ఒక సామాన్యురాలి నోట వెలువడడం నగరానికే గర్వకారణం. కోట్లు మాత్రం ఇప్పుడు పక్క సందులో ఇస్తున్నాము. అక్కడి రఫూ దుకాణానికి ఎదురుగా మనం ఇంకా ఏమీ కట్టలేదు.